చాప తట్టనివాడు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోనీ, కాస్త నవ్వుకోండి.

నలభై ఏడేళ్ళ వయసులో నేను జూడోలో చేరాను. ఎవరినో పడగొడదామని కాదు. ఆఫీసు రికార్డు రూములో నా పక్క సీటాయన బదిలీ మీద వెళ్ళిపోయాక నాతో మాట్లాడేవాళ్ళు ఇద్దరే మిగిలారు: మా ఆవిడ, లిఫ్టు. లిఫ్టు "తలుపులు మూసుకుంటున్నాయి" అంటుంది. మా ఆవిడ "తలుపు వెయ్యండి" అంటుంది. ఒక స్నేహితుడు ఉంటే బావుండుననిపించింది. పనిలో పనిగా పొట్ట కూడా తగ్గితే మంచిదే కదా.

ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. కారణం మా అటక. నా బ్యాడ్మింటన్ రాకెట్టు, ఈత కళ్ళజోడు, ఒక్క పాటైనా పలక్కుండానే రిటైరైన గిటారు అక్కడే ఉన్నాయి. ఏదీ పది రోజులు దాటలేదు. ఈసారి పసుపు బెల్టు చేతికొచ్చాకే చూపించి ఆవిడ నోరు మూయిద్దామని నా పథకం.

"మంగళ, శుక్రవారాలు ఆలస్యమవుతుంది. పాత రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం."

"మీరే?"

"నేనే."

"జాగ్రత్తండీ, కంప్యూటరు మన అటక మీద పట్టదు" అంది.

జూడోలో మొదటి నెలంతా పడటమే నేర్పుతారు. ఆ విద్యలో నేను పుట్టు పండితుణ్ణి. మాస్టారు బక్కపల్చని మనిషి, ఎన్నడూ గొంతు పెంచరు. ఆయన లేనప్పుడు మేమంతా చీపురుపుల్ల మాస్టారంటాం. ఆయనది ఒకటే నియమం. ఎదుటివాడి పట్టులో ఇరుక్కుంటే, ఓడిపోయానని ఒప్పుకుంటూ చాప మీద రెండుసార్లు తట్టాలి. తట్టగానే అవతలివాడు వదిలేయాలి.

"పంతానికి పోయి తట్టనివాడు ఎముక విరగ్గొట్టుకుంటాడు. అలాంటివాడు నాకొద్దు. మర్నాటి నుంచి రానక్కర్లేదు" అనేవారు.

నా జోడీ పళ్ళ డాక్టరు. నోళ్ళు తెరుచుకున్న మనుషులతో రోజంతా ఒక్కడే మాట్లాడీ మాట్లాడీ, జవాబు చెప్పే మనిషి కోసం మొహం వాచి ఉన్నాడు. నన్ను పడేసేవాడు, లేవదీసేవాడు, తర్వాత ఇద్దరం హాలు మెట్ల మీద కూర్చుని కబుర్లాడుకునేవాళ్ళం. నాకు ఆ మెట్లంటే ప్రాణమైపోయింది.

చిక్కు ఇంట్లో వచ్చిపడింది.

"వంటింటి పంపు కారుతోందని ఎన్నిసార్లు చెప్పాను?"

"వాషరు దొరకలేదోయ్."

"కొట్టు వీధి చివరే ఉందిగా?"

"మూసేశాడు."

"నేనిప్పుడు అక్కణ్ణించే వస్తున్నా. ఇదిగో వాషరు."

నా చెయ్యి దానంతటదే బల్ల మీద రెండుసార్లు తట్టింది.

"అదేంటి?" అంది.

"చీమ."

"రెండుసార్లు కొట్టారుగా?"

"జంట చీమలు."

ఆ నెలలో మా ఇంట్లో ఇంకో ఆరు జతల చీమలు చచ్చిపోయాయి.

బెల్టు పరీక్ష ఆదివారం పొద్దున పెట్టారు. "ఆదివారం కూడా రికార్డులేనా?" అంది మా ఆవిడ. ఆఖరి పెట్టె అన్నాను. "పాపం, వెళ్ళి రండి" అంది. ఆ 'పాపం' దగ్గరే నేను మేలుకోవాల్సింది.

హాల్లో డాక్టరూ నేనూ ఒకరి కాలరొకరు పట్టుకుని తిరుగుతున్నాం. గోడ పక్క చెక్క బెంచీ వైపు యథాలాపంగా చూశాను. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని మా ఆవిడ కూర్చుని ఉంది!

మరుక్షణం నేను చాప మీద ఉన్నాను. నా కుడి చెయ్యి డాక్టరు పట్టులో ఉంది.

"తట్టండి మహాప్రభో!" అన్నాడు గొంతు తగ్గించి.

"తట్టను. మా ఆవిడ చూస్తోంది."

"విరుగుతుందండీ! నేను వదిలితే నా బెల్టు పోతుంది!"

చెయ్యి పోతుంది, తట్టకపోతే క్లాసూ పోతుంది, మెట్లూ పోతాయి. అన్నీ తెలుసు. అయినా ఎడమ చెయ్యి కదలనంది.

టక్, టక్.

డాక్టరు వదిలేశాడు. చప్పుడు బెంచీ దగ్గర్నుంచి వచ్చింది.

"ఎవరు తట్టింది?" అన్నారు మాస్టారు.

మా ఆవిడ లేచి నిలబడింది. "నేనేనండీ, మా ఆయన తరఫున. ఆయన చేతులు ఖాళీ లేవు."

మాస్టారు నా ఎడమ చేతి వైపు చూశారు. దాన్ని గబుక్కున నడుం కింద దాచేశాను.

"తట్టడమైతే వినబడింది" అంటూ ఆయన పుస్తకంలో రాసుకున్నారు. "ఇకమీదట ఎవరి తరఫున వాళ్ళే తట్టుకోవాలి."

డాక్టరు మా ఆవిడ వైపే చూస్తున్నాడు. "మీరు... కింది దవడ, ఎడమవైపు జ్ఞానదంతం కదూ?"

"అవునండీ. నా నోట్లో దూది కుక్కి, మీ జూడో స్నేహితుడి కథంతా చెప్పారు. రికార్డు రూములో పని, ఇంట్లో చెప్పకుండా వస్తున్నాడు, పడటంలో దిట్ట, తట్టకపోతే మాస్టారు వెళ్ళగొడతారు, ఆదివారం పరీక్ష. నోరు ఖాళీగా ఉంటే, ఆయన మా ఆయనేనని అప్పుడే చెప్పేదాన్ని."

ఇంటికి నడిచి వస్తూ అడిగాను: "తెలిసీ నన్నెందుకు నిలదియ్యలేదు?"

"మంగళ, శుక్రవారాలు నవ్వుకుంటూ ఇంటికొస్తున్నారు. అడిగితే మానేస్తారేమోనని."

పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఓటమి ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ నా తరఫున.

ఇంట్లో అడుగుపెట్టగానే నా జూడో చొక్కాని తలుపు వెనక కొక్కేనికి తగిలించింది. అటక వైపు కూడా చూడలేదు. తర్వాత నెల రోజులుగా ఎదురుచూస్తున్న ఆ వాషరు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇవాళ నడుం కాస్త..." అని మొదలుపెట్టాను.

"పడటంలో దిట్టకి నడుం నొప్పేంటండీ?"

బల్ల మీద రెండుసార్లు తట్టాను.

"చీమలా?" అంది.

"కాదు" అని వాషరు తీసుకుని వంటింట్లోకి నడిచాను.