తెర మీద నా పేరు

మో సంగ్‌హ్యక్ అంటే ఇప్పుడు పరాయి దేశాలవాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టే దర్శకుడు. ఒకప్పుడు మా పులుసన్నం హోటల్లో మూల బల్ల ఆక్రమించి, ఒక్క గిన్నెతో పూటంతా గడిపి, రెండు చలికాలాల్లో మొదటి నవల రాసిన మనిషి. నేను ఆరో తరగతితోనే చదువుకు దండం పెట్టినవాణ్ణి. అయినా ఆ నవలలో సగం నా నోటి నుంచి వచ్చిందే. పెళ్ళాంతో నేను పడే బాధలు చెబుతుంటే తలవంచుకుని రాసుకునేవాడు.

నవలకు బహుమతి వచ్చింది. నాకొక ప్రతి ఇచ్చాడు. అంత లావు పుస్తకం నేనెక్కడ చదివేది? మా ఆవిడ ఓక్‌బున్ ముందు పడేశాను.

"చదువు. ఎలాంటి మొగుడు దొరికాడో తెలుస్తుంది."

నెల తిరక్కుండా గున్సాన్‌లో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిపోయింది. తొమ్మిదేళ్ళయింది. పులుసు నేనే కాస్తున్నాను, బాగుందని నేనే అనుకుంటున్నాను.

ఈ ఏడు ఆ నవలనే అతను సినిమాగా తీశాడు. నాకు మొదటి ఆటకి రెండు టికెట్లు పంపాడు. వెంటనే పథకం వేశాను. తెర మీద నా ఓర్పు చూసి ఆవిడ కరిగిపోతుంది, అటు నుంచి అటే ఇంటికొచ్చేస్తుంది!

"నా జీవితాన్ని సినిమాగా తీశారోయ్!" అని ఫోన్ చేశాను.

"తెలుసు. వస్తాను" అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది. గది ఊడ్చి, గుమ్మంలో ఆవిడకి ఇంట్లో తొడుక్కునే కొత్త చెప్పులు పెట్టి మరీ బయల్దేరాను.

హాల్లో ఆవిడ పక్కనే కూర్చుని, దీపాలు ఆరగానే సంచిలోంచి నాకని తెచ్చుకున్న కింబాప్ అన్నపు చుట్టల పొట్లం తీసి తినసాగాను. తెర మీద హోటలు యజమాని వచ్చేపోయే ప్రతివాణ్ణీ "అన్నం తిన్నావా?" అని పలకరిస్తున్నాడు. అతని పెళ్ళాం పొయ్యి పక్కన నిలబడి, ఎవరో వదిలేసిన పులుసులో చల్లన్నం కలుపుకుని తింటోంది. ఆవిణ్ణి మాత్రం ఒక్కసారీ అడగడు. జనం నవ్వారు. కాసేపటికి నవ్వడం మానేశారు.

నా నోట్లో ముద్ద ఆగిపోయింది.

"ఇది నేను చెప్పలేదే!"

"నేను చెప్పాను. మీరు బజారుకి వెళితే అతనికి వడ్డించిందెవరు?"

"అన్నీ తెలిసినదానివి, పుస్తకం చదివాక వెళ్ళిపోవడమెందుకు?"

"చెప్పినప్పుడు మామూలుగానే ఉంది. అచ్చులో చూస్తే ఆ ఆడమనిషి మీద జాలేసింది."

చివర్లో పేర్లు పడ్డాయి. కృతజ్ఞతలు అనగానే మెడ నిక్కించాను. ఒకే ఒక్క పేరు: తాక్ ఓక్‌బున్.

బస్టాండు దాకా ఆవిడ వెనకే నడిచాను. అక్కడ గొంతు సవరించుకున్నాను.

"అన్నం తిన్నావా?"

ఆవిడ ఆగి నా మొహంలోకి చూసింది. "ముప్ఫై ఏళ్ళకి అడిగారు. తినే వచ్చానండీ. మీ సంచి సంగతి నాకు తెలీదా?"

బస్సెక్కింది.

ఇంటికొస్తే గుమ్మంలో కొత్త చెప్పులు. కాలు పెట్టి చూశాను. నాకు సరిగ్గా సరిపోయాయి. ఆవిడ కొలత తెలియక కొట్లో నా కాలే చూపించాను.