అపరిచయ ధ్రువీకరణ

అయినా, పోయినవాళ్లను గౌరవించడానికి వాళ్లను బొత్తిగా ఎరగనివాళ్లే తగినవాళ్లని ఈ సంస్థ ఎంత ముందుచూపుతో కనిపెట్టింది, అనుకుంది ఆమె కౌంటరు ముందు నిలబడి. గ్రహాల మీద పరిశోధన చేసేవాళ్లకు పోయిన మాస్టారి పేరిట ఏటా ఇచ్చే స్మారక ఫెలోషిప్‌కి ఆమె ఎంపికైంది. ఒక్క సంతకం మిగిలింది, 'దివంగతునితో నాకు ఎటువంటి పరిచయమూ లేదు' అన్న వాక్యం కింద.

నిబంధన న్యాయమైనదే. మొదటి ఏడాది ఫెలోషిప్ మాస్టారి మేనకోడలికి వెళ్లింది. (ఆవిడ చదివింది నిజంగా గ్రహాల గురించే. విచారణలో ఆ సంగతి ఎవరికీ గుర్తురాలేదు.) వెంటనే పక్షపాత నివారణ ఉపసంఘం వెలిసింది. ఆపైన దరఖాస్తులు రాలేదు. ఇక్కడ గ్రహాలు చదివినవాళ్లంతా ఆయన దగ్గరే చదివారు మరి. నిరుడు చేపల మీద పనిచేసే ఒకాయనకిచ్చి, నిష్పాక్షికత అంటే ఇదీ అని అధ్యక్షులవారు కళ్లు తుడుచుకున్నారు.

ఆమె మాస్టారి చివరి శిష్యురాలు. ఆయన పోయాక కాగితాల్లో గైడు మారారు కాబట్టి కాగితాలకి అభ్యంతరం లేదు. అభ్యంతరం తలలోనే. చంద్రుడి ఫొటో ఇచ్చి తలకిందులు చేసి చూడమనేవారాయన. తిప్పితే గుంటలన్నీ గుట్టలయ్యేవి. కంటిని అంత తేలిగ్గా నమ్మకమ్మా అని టీ చల్లారేదాకా నవ్వేవారు. ఇప్పటికీ ఆమె ఏదైనా ఆలోచిస్తే లోపల వినపడే గొంతు ఆయనదే. అది పరిచయం కిందికి వస్తుందా?

అపరిచయ ధ్రువీకరణాధికారిని అడిగింది. ఆయన ఓపికగలవాడు. దారిలో ఎదురుపడి పలకరించుకుంటే పరిచయమేననీ, తప్పుకుని వెళ్లిపోతే కాదనీ వివరించాడు. లోపలి గొంతుల గురించి సర్క్యులర్ ఇంకా రాలేదట.

ఫెలోషిప్ రాకపోతే నెలాఖరుకి ల్యాబ్‌లో చోటు పోతుంది. బావ తన టైల్స్ షాపులో బిల్లింగ్ సీటు ఖాళీగా ఉంచాడు. "ఆకాశం చాల్లే మరదలా, ఇక నేలకి దిగు" అని రోజూ ఫోను.

సంతకం పెట్టింది.

అధికారి ముద్ర గుద్ది, ఊది ఆరబెట్టాడు.

"ఎల్లుండి సభలో ఆయన గురించి రెండు ముక్కలు మాట్లాడాలమ్మా. అదీ రూలే. నీకు తెలీదు కదా, ఎవరినైనా కనుక్కుని రాసుకో."

ఆమె పెన్ను మూత మళ్లీ తీసింది.

"మీరే చెప్పండి," అంది. "ఎలాంటివారండీ ఆయన?"