తాళం తప్పని లీకు

సోమవారం పొద్దున్నే ఇడ్లీలు తిని, చేతులు కడుక్కుని, భీమేశ్వరరావు ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చున్నాడు. నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్‌కు ఆయనే సెక్రటరీ. ఇరిగేషన్ శాఖలో రిటైరయ్యాక పట్టిన విద్య ఇది. క్లాసులో మిగతావాళ్ళంతా రెండో తరగతి పిల్లలు. ఆదివారం వాళ్ళ కచేరీ. వేళ్ళు నడుస్తున్నాయి గానీ లయ నిలవడం లేదనీ, శనివారంలోగా కుదురుకోకపోతే స్టేజీ ఎక్కేది లేదనీ, తల్లిదండ్రుల వరసలో కూర్చోవాల్సిందేననీ టీచర్ సంయుక్త తేల్చేసింది. అరవై రెండేళ్ళ మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

ఇళ్ళల్లో చప్పుళ్ళు చేయరాదని సర్క్యులర్ పెట్టింది తనే కనుక హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. చెవిలో తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటుంటే, దాని వెంటే కుడికాలి మడమతో నేల తట్టసాగాడు. పక్కింటికి చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినబడదని ఆయన ధీమా. కింది ఇల్లొకటి ఉంటుందన్న సంగతి తట్టనే లేదు.

పావుగంటకల్లా భార్య రాజరాజేశ్వరి ఫోను తెచ్చి చేతికిచ్చింది. కింది ఫ్లాట్ సరిత. ఇంట్లోంచే ఉద్యోగం చేసుకునే పిల్ల. బాత్రూమ్ పైన ఎక్కడో టప్పుటప్పుమని నీళ్ళు కారుతున్నాయట, మీటింగులో అవతలివాళ్ళు కూడా అడుగుతున్నారట. భీమేశ్వరరావు ప్లంబర్ చంద్రయ్యను వెంటబెట్టుకుని దిగాడు. తీరా వెళ్తే చప్పుడే లేదు. సరిత ఫోనులో రికార్డు చేసింది వినిపించింది.

చంద్రయ్య పెదవి విరిచాడు. "లీకైతే ఒక్కతీరుగ పడ్తది సార్. ఇది జరసేపు ఉరుకుతది, జరసేపు ఆగుతది. ఇది లీకు గాదు."

భీమేశ్వరరావు నిశ్చింతగా పైకెళ్ళి మళ్ళీ మడమ ఆడించాడు. మంగళ, బుధ, గురువారాలు పట్టిన పట్టు విడవలేదు. శుక్రవారం చంద్రయ్య గడియారం పట్టుకుని సరిత బాత్రూమ్‌లో అరగంట నిలబడ్డాడు. తర్వాత సెక్రటరీకి ఫోన్ చేసి, ఇప్పుడు ఒక్కతీరుగనే పడ్తుంది, ఇగ డౌట్ లేదు, పక్కా లీకే అన్నాడు. నీళ్ళు ఆపి బాత్రూమ్ గోడ టైల్స్ పగలగొట్టుకోమనీ, ఆదివారం దాకా తనను మాత్రం కదిలించొద్దనీ చెప్పి భీమేశ్వరరావు హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

నీళ్ళు ఆగాయి. తలల మీద షాంపూ నురగతో జనం వరండాల్లోకొచ్చారు. కింద సుత్తి దెబ్బలు పడుతున్నా ఆయన మడమ చలించలేదు. గోడ సగం ఊడింది, గొట్టాలన్నీ పొడిగా ఉన్నాయి, చప్పుడు మాత్రం పడుతూనే ఉంది. చంద్రయ్య దాన్నే పట్టుకుని మెట్లెక్కాడు, వెనకాలే సరితా, నురగ తలలూ. రాజరాజేశ్వరి తలుపు తీసింది. అందరూ ఆ మడమను చూస్తూ నిలబడిపోయారు.

హెడ్‌ఫోన్లు తీశాక సంగతి తెలిసి భీమేశ్వరరావు ముఖం పాలిపోయింది. గోడ తనే కట్టిస్తానని సరితకు చేతులు జోడించాడు. అయినా ఉండబట్టలేక చంద్రయ్య వైపు తిరిగాడు.

"నిజం చెప్పు చంద్రయ్యా. ఎక్కడా తాళం తప్పలేదా?"

"గడియారం పెట్టి చూసిన సార్. ఒక్కటి గూడ తప్పలే."

ఆయన కళ్ళు చెమర్చాయి. వెంటనే సంయుక్తకు ఫోన్ కలిపి చంద్రయ్య చేతికిచ్చాడు. ముప్పై ఏళ్ళుగా లీకులు విన్న చెవి సాక్ష్యం చెబితే ఆవిడ మాత్రం ఏమంటుంది?

ఆదివారం స్టేజీ మీద భీమేశ్వరరావు ఒక్క తాళం కూడా తప్పలేదు. మూడో వరసలో కూర్చున్న చంద్రయ్య మాత్రం కచేరీ అయ్యేదాకా హాలు పైకప్పు వంకే చూశాడు.