పద్నాలుగో మడికి తగిన తూటా

దక్షిణ ఒంటారియో తెలుగు సమాఖ్య చరిత్రలో మొట్టమొదటిసారిగా ఒక జంతువు మీద యుద్ధం ప్రకటిస్తున్నట్టు అధ్యక్షులు అమరేశ్వరరావు గారు జులై రెండో ఆదివారం, సమోసాలు వచ్చాక, ప్రకటించారు. సమోసాలకు ముందు ప్రకటించి ఉంటే వినడానికి ఎవరూ ఉండేవారు కాదు. నాయకుడికి సమయం తెలియడం ముఖ్యం. అది ఆయనకు పుట్టుకతోనే వచ్చింది.

"మన గోంగూరను కొరికినవాడు మన సంస్కృతిని కొరికినట్టే," అన్నారాయన. "ఈ గ్రౌండ్‌హాగ్‌ను కాల్చడానికి ఏ తూటా వాడాలో తేల్చేందుకు తొమ్మిదిమందితో తూటా నిర్ణయ కమిటీ వేస్తున్నాను."

చప్పట్లు మోగాయి. వెనక వరసలో కూర్చున్న సరోజన మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయింది. ఎందుకంటే ఆమె అడిగింది తూటా కాదు, కంచె.

ఒంటారియోలోని లండన్ ఊరి చివర ఒక చర్చి వెనకున్న ఖాళీ జాగాను సమాఖ్య లీజుకు తీసుకుని ముప్పై మడులు చేసింది. పద్నాలుగో మడి సరోజనది. మనవణ్ణి చూసుకోవడానికి రెండేళ్ల కింద జగిత్యాల నుంచి వచ్చింది. మనవడు ఆమె అడిగిన ప్రతిదానికీ ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు. కూతురు హాస్పిటల్ డ్యూటీ, అల్లుడు మిస్సిసాగా ఆఫీసు. రోజుకు రెండు గంటలు ఆ మడిలో కూర్చుంటేనే ఆమెకు రోజు గడిచినట్టుండేది. తను పుంటికూర అని పిలుచుకునే గోంగూర వేసింది. పందికొక్కుకు అన్నలా ఉన్న ఒక లావు జంతువు, అదే ఆ గ్రౌండ్‌హాగ్, దర్జాగా వచ్చి, వెనక కాళ్ల మీద కూర్చుని, ఆకు తర్వాత ఆకు తినేది.

తినేది మడి మొత్తం. దసరాకి మడిలో పంట కనబడకపోతే అలాట్‌మెంట్ రద్దు. ఆ ఏడాది కాలేజీ ఇన్‌టేక్‌లలో వచ్చి దిగిన పిల్లలతో లండన్ బస్సులన్నీ తెలుగు మాట్లాడుతున్నాయి. మడుల కోసం వెయిటింగ్ లిస్టులోనే రెండు వందల పన్నెండు పేర్లున్నాయి. పోతే మళ్లీ దొరకదు. సమాఖ్య అనుమతి లేనిదే తోటలో పుల్ల కూడా పాతకూడదు కాబట్టి, చుట్టూ కంచె తీగ కట్టుకుంటానని సరోజన అర్జీ పెట్టింది. సమాఖ్య ఆ అర్జీని ఇంత పెద్ద మనసుతో అర్థం చేసుకుంటుందని ఆమె ఊహించలేదు.

కమిటీ మొదటి సమావేశం మిస్సిసాగాలో అధ్యక్షుల వారి బేస్‌మెంట్‌లో జరిగింది. బాధితుల ప్రతినిధిగా సరోజనను పిలిచారు. ఆమెను అల్లుడి కారులో తీసుకొచ్చిన పాపానికి రిషితను కూడా కూర్చోబెట్టారు. రిషిత ఖమ్మం పిల్ల. కాలేజీలో చదువుతూ సరోజన కూతురి ఇంట్లోనే కింద అద్దెకుంటోంది. ఒక హార్డ్‌వేర్ స్టోర్‌లో కంచె తీగలు అమ్మే వరసలో పార్ట్‌టైమ్. పక్కనే వేట సామాను కౌంటర్. రోజంతా వేటగాళ్ల మాటలు ఆమె చెవిన పడుతుంటాయి. ఆ గదిలో తూటాల గురించి ఎంతో కొంత తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని ఆమెకు మినిట్స్ రాసే పని ఇచ్చారు.

"ట్వంటీటూ చాలండి," అన్నారు అమరేశ్వరరావు గారు. "చిన్న తూటా, చప్పుడు తక్కువ. చర్చి వెనక కదా, మర్యాదగా ఉంటుంది."

"ప్రెసిడెంట్ గారూ, మీ మీద గౌరవంతోటే చెప్తున్న," అన్నాడు కార్యదర్శి కొమరయ్య. రాబోయే ఎన్నికల్లో అధ్యక్షుల వారి మీద పోటీ చేయబోయేది ఆయనే. "ఇరవై రెండు ఎక్కడ, రెండు వందల ఇరవై మూడు ఎక్కడ? లెక్కకు పదింతలు. టూ ట్వంటీ త్రీ అయితే మూడు వందల గజాలు పోతది."

"మన తోట మొత్తం అరవై గజాలే సార్," అంది రిషిత.

"మిగిలింది రిజర్వ్‌ల ఉంటది."

కోశాధికారి క్రిస్టఫర్ గారు కాకినాడ మనిషి, గొడవలంటే గిట్టదు. ఆయన సెవెంటీన్ అనే సన్నపాటి తూటాను ప్రతిపాదించారు. "గాలి వీస్తే కొంచెం పక్కకు పోతుందంటారు. అయినా మన ఉద్దేశం తిన్నగా ఉంటే చాలు కదండీ."

ఓటింగులో ట్వంటీటూకి నాలుగు, టూ ట్వంటీ త్రీకి నాలుగు, సెవెంటీన్‌కి ఒకటి వచ్చాయి. ఆ మరునాటి నుంచి క్రిస్టఫర్ గారి ఇంటికి రెండు వైపుల నుంచీ బిర్యానీలు వెళ్లాయి. ఆయన ఎవరినీ నొప్పించకుండా అన్నీ తిన్నారు.

సమావేశం ముగుస్తుండగా సరోజన లేచింది. "అయ్యా, నేను తీగ అడిగిన."

"అది మా పరిధిలో లేదమ్మా," అన్నారు అమరేశ్వరరావు గారు ఎంతో ఓపికగా. "కమిటీ పేరు చూడండి. అందులో తీగ ఎక్కడుంది?"

ఆగస్టు వచ్చింది. కమిటీ మూడుసార్లు కూర్చుంది. గ్రౌండ్‌హాగ్ రోజూ కూర్చుంది.

ఒక శనివారం పొద్దున రిషిత స్టోర్ నుంచి తీగ చుట్ట పట్టుకొచ్చింది. "పెద్దమ్మా, అడుగు లోతు తవ్వి పాతితే అది కింద నుంచి రాదంట. మా సూపర్‌వైజర్ చెప్పిండు."

"పర్మిషన్ లేదు గదనే."

"ముందు ఆకు రానీ. పర్మిషన్ తర్వాత వస్తది."

ఇద్దరూ కలిసి పాతారు. జంతువు వచ్చింది. కంచె చుట్టూ రెండుసార్లు తిరిగింది. పెద్దమనిషిలా కాసేపు నిలబడి వెళ్లిపోయింది. తొమ్మిది రోజుల్లో మోడుల మీద ఎర్రటి చిగురు పట్టింది. సరోజన ఆ చిగురు ఫోటోలు తీయించుకుని జగిత్యాలలో ఉన్న చెల్లెలికి పంపింది.

పదో రోజు కమిటీ మొత్తం తోటకు వచ్చింది.

"గిదేంది సరోజనక్కా," అన్నాడు కొమరయ్య, నిజంగానే నొచ్చుకుని. "కమిటీ మీద అవిశ్వాసమా? రేపు తూటా ఖాయమైతే, కాల్చనీకి అది ఎక్కడుంటది?"

"అది నా మడినే తింటది గద తమ్మీ."

"అందుకే మీ మడినే స్పాట్‌గ పెట్టినం. అందరిల మీకే దక్కిన గౌరవమది."

సమాఖ్య పుట్టిన తరువాత అధ్యక్షుల వర్గం, కార్యదర్శి వర్గం కలిసి ఒకే పని చేయడం అదే మొదలు. అటు నలుగురు, ఇటు నలుగురు పట్టి లాగితే తీగ పావుగంటలో ఊడి వచ్చింది. క్రిస్టఫర్ గారు మధ్యలో నిలబడి, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా చూశారు.

ఆ ఐకమత్యం ఊరికే పోలేదు. సెప్టెంబర్‌లో చారిత్రక ఒప్పందం కుదిరింది. రైఫిల్ అధ్యక్షుల వారి కోరిక ప్రకారం ట్వంటీటూది. తూటాలు కార్యదర్శి కోరిక ప్రకారం టూ ట్వంటీ త్రీవి. ఇరుపక్షాలూ కౌగిలించుకున్నాయి.

మినిట్స్ రాస్తున్న రిషిత పెన్ను ఆపింది. "సార్, ఆ తూటా ఈ రైఫిల్‌లో పట్టదు."

"పట్టించడం టెక్నికల్ సబ్‌కమిటీ పనమ్మా."

"ఇంకోటి సార్. రైఫిలే కాదు, తూటాల డబ్బా కొనాలన్నా లైసెన్సు కావాలి. మనలో ఎవరికీ లేదు. ఊరి పక్కన తోటలో కాల్చనివ్వరు కూడా."

అందరికంటే ముందు అమరేశ్వరరావు గారే తేరుకున్నారు.

"చూశారా," అన్నారు. "అందుకే మేం తొందరపడి కొనలేదు."

ఈ ముందుచూపుకు అక్కడికక్కడే అభినందన తీర్మానం పెట్టారు. రిషిత అది కూడా రాసింది. ఇంటికెళ్లే దారిలో హైవే మీద రిషిత రేడియో పెట్టి, మళ్లీ తనే తీసేసింది.

అక్టోబర్ మొదట్లో జంతువు నడవడానికి కూడా ఆయాసపడేంత బలిసింది. చివరి చిగుళ్లు పూర్తిచేసి, నోటినిండా ఎండుటాకులు పట్టుకుని బొరియలోకి మోసుకుపోవడం సరోజన చూసింది. పన్నెండో తారీఖున బొరియ నోటికి మట్టి అడ్డం పడి ఉంది. తిన్నదంతా తిని, చలికాలమంతా నిద్రపోవడానికి తలుపేసుకుంది.

దసరాకి తనిఖీ వాళ్లు వచ్చారు. వాళ్లది వేరే కమిటీ. పద్నాలుగో మడిలో మోడులు చూసి, 'పంట లేదు' అని రాసుకున్నారు. కారణం అనే గడిలో గీత గీశారు.

జనవరిలో మిస్సిసాగా బాంక్వెట్ హాల్లో సమాఖ్య వార్షికోత్సవం. తూటా నిర్ణయ కమిటీ నివేదికను అధ్యక్షుల వారు స్వయంగా చదివారు.

"అక్టోబర్ పన్నెండు నుంచి నేటి వరకు మన తోటలో ఒక్క గ్రౌండ్‌హాగ్ కూడా కనబడలేదు. మేం ఒక్క తూటా పేల్చలేదు. ఒక్క తూటా కొనలేదు. మనం నిర్ణయం తీసుకుంటున్నామన్న సంగతి తెలిసే అది పారిపోయింది."

హాలంతా లేచి నిలబడింది. తొమ్మిదిమందికీ శాలువాలు కప్పారు. పదో శాలువా సరోజనకు. కొమరయ్య దాన్ని ఆమె భుజం మీద సర్దుతూ చెవిలో మెల్లగా చెప్పాడు.

"అక్కా, పంట లేదు గనక మీ మడి క్యాన్సిలయింది. రూల్ గద. ఏమనుకోకుండ్రి. అక్కడ రైఫిల్ పెట్టే గది కడ్తున్నం."

"రైఫిల్ ఏది తమ్మీ?"

"గది లేకుండ రైఫిల్ ఎట్ల కొంటం అక్కా?"

తరువాత ఆమె చేతికి మైకిచ్చి, లబ్ధిదారుగా రెండు మాటలు చెప్పమన్నారు. సరోజన ఎన్నడూ మైకు పట్టుకోలేదు. గోడవార నిలబడ్డ స్టూడెంట్లలో రిషిత ఎక్కడుందోనని వెతికింది. కనబడ్డాక గొంతు సవరించుకుంది.

"అది పారిపోలే అయ్యా. పండుకున్నది. మార్చిల లేస్తది. లేస్తే మిగిలినోళ్ల మడులు గూడ..."

అమరేశ్వరరావు గారు మైకును ఎంతో మృదువుగా అందుకున్నారు.

"విన్నారు కదా. ప్రమాదం ఇంకా పొంచే ఉందని బాధితులే చెబుతున్నారు. వారి కోరిక మేరకు కమిటీ గడువును మరో రెండేళ్లు పొడిగిస్తున్నాం. ఒప్పుకునేవారు చేతులెత్తండి."

చేతులు లేచాయి. మైకు మళ్లీ ఇమ్మని సరోజన కూడా చెయ్యెత్తింది. క్రిస్టఫర్ గారు దాన్ని కూడా లెక్కలో వేసుకుని, తీర్మానం ఏకగ్రీవం అని ప్రకటించారు.