చేతులకు టీసీ

పన్నెండేళ్ల ఉరుకుందమ్మ కళ్లు రెండో తరగతి, చెవులు అయిదు, కాళ్లు ఆరు, చేతులు తొమ్మిది చదువుతుండేవి కాబట్టి, రంగనహాళు సర్కారు బడిలో ఆమె పేరు నాలుగు హాజరు పట్టీల్లో ఉండేది. ఇందులో వింతేమీ లేదు. సుగ్గికి పోయే ఇళ్ల పిల్లలందరి చదువూ అక్కడ అలాగే సాగేది. సుగ్గి అంటే, ఊళ్లో పనుల్లేని నెలల్లో ఇంటికి తాళం వేసి, పిల్లాజెల్లాతో లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవడం. చదువు మధ్యలో తెగిన పిల్లలో ఏ అవయవం ఎంతవరకు నేర్చుకుంటే అది ఆ తరగతిలోనే ఆగుతుంది. తిరిగొచ్చాక దాన్ని అక్కడే కూర్చోబెట్టాలని నిబంధన.

ఉరుకుందమ్మ కళ్లు ఒత్తుల పాఠం దగ్గర ఆగిపోయాయి. ఏటా సరిగ్గా ఒత్తులు మొదలుపెట్టే వారంలోనే లారీ వచ్చేది. చెవులు మాత్రం మిరపచేను పక్కనున్న ఏదో ఊరి బడి కిటికీలోంచి వినపడినంత విని అయిదు దాకా వచ్చాయి. కాళ్లకు ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎంత దూరమో, ఏ వాగు ఎప్పుడు పారుతుందో తెలుసు గనక సాంఘికశాస్త్రంలో గట్టివి. ఇక చేతుల సంగతి చెప్పనక్కర్లేదు. కాయ కోయడం, మూట కట్టడం, వంట, తమ్ముణ్ణి ఎత్తుకోవడం అన్నీ వచ్చు. నోరూ కడుపూ ఏ తరగతికీ చెందవు. అవి రోజంతా మధ్యాహ్న భోజనం దగ్గరే ఉండేవి. వాటి హాజరు నూటికి నూరు.

పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ తిక్కయ్య పిల్లల్ని ఏ అవయవానికి ఆ అవయవంగా వేరు చేసి, గుడి ముందు చెప్పులకిచ్చినట్టు టోకెన్లిచ్చేవాడు. సాయంత్రం టోకెన్లు చూసి కలిపి ఇంటికి పంపేవాడు. ఎప్పుడైనా పొరపాటు జరగకపోదు. ఒకసారి ఉరుకుందమ్మకు వేరే పిల్ల ఎడమ చెవి వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత మార్చుకుపొమ్మంటే, ఈ చెవి చెప్పిన మాట వింటోంది, ఉండనీయమని వాళ్లమ్మ హుసేనమ్మ బతిమాలింది. తిక్కయ్య ఒప్పుకోలేదు.

చదువు తెగిన పిల్లలకు ప్రత్యేక పాఠ్యప్రణాళిక రాసే పని బసవరాజు సారుది. మంచివాడు. మంచివాళ్లలో చాలామందికి ఉండే జబ్బే ఆయనకూ ఉంది. కాగితం మీద సరిగ్గా రాస్తే లోకం సరిగ్గా నడుస్తుందని నమ్మేవాడు. జూన్‌లో ఒక సాయంత్రం, తిక్కయ్య అప్పుడే కలిపి ఇచ్చిన ఉరుకుందమ్మ ఇంటికి పోకుండా ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, నన్ను ఒగే క్లాసులో కూకోబెట్టండి సార్. యా క్లాసైనా సరే."

"ఎందుకమ్మా?"

"అన్నీ ఒగ తావున ఉంటే సుగ్గికి రమ్మనర్లే సార్."

ఆ మాట నిజమే. అవయవాలన్నీ ఒకే తరగతికి చేరితే పిల్ల లెక్కల్లో 'ఒకే విద్యార్థి' అవుతుంది. ఒకే విద్యార్థికి హాస్టల్లో మంచం ఇస్తారు. అమ్మానాన్నలు సుగ్గికి పోయినా పిల్ల బడిలోనే ఉండొచ్చు. లారీ జనవరిలో వస్తుంది. ఈ పిల్లను ఈసారి లారీ ఎక్కనివ్వనని బసవరాజు ఆ సాయంత్రమే మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

ముప్పై రెండు పేజీల ప్రణాళిక రాశాడు. కళ్లకు విడిగా, చెవులకు విడిగా కాలపట్టిక వేశాడు. కళ్లకు వాచకం పక్కన పెట్టి బస్సుల మీది ఊళ్ల పేర్లు, మిరప బస్తాల మీది రాతలు చదివించాడు. కళ్లు కష్టపడ్డాయి. నీళ్లు కారేవి గానీ మూతపడేవి కావు. దీపావళికి ఒత్తులు దాటి మూడో తరగతికొచ్చాయి. మూడో తరగతికి రావడం సంతోషమే. కానీ ఆ లెక్కన చేతులున్న తొమ్మిదికి రావాలంటే ఇంకో ఆరు దీపావళులు కావాలి.

బసవరాజు మండల విద్యాధికారి దగ్గరికి వెళ్లి, కళ్లను పైకి తేవడం ఆలస్యమవుతోంది, చేతుల్ని కొంచెం కిందికి దించవచ్చా అని అడిగాడు. ఆమె నెమ్మదస్తురాలు. టీ తెప్పించి మరీ చెప్పింది.

"ఎవర్నీ కింది క్లాసుకు దించకూడదు బసవరాజు గారూ. అయినా మీరు పొరపాటు పడుతున్నారు. అన్నీ ఒకే క్లాసులో ఉండక్కర్లేదు, సగటు చాలు. సగటు పైచిలుకు లేకుండా ఆరు వస్తే పిల్ల ఆరో తరగతే."

బసవరాజు అక్కడికక్కడే లెక్క కట్టాడు. మూడు, అయిదు, ఆరు, తొమ్మిది. మొత్తం ఇరవై మూడు. ఇంకొక్కటి వస్తే ఇరవై నాలుగు, సగటు సరిగ్గా ఆరు. కళ్లు ఇప్పట్లో కదలవు. చేతులైతే రేపైనా పది పాసవుతాయి. ఇంత తేలిక దారి ఇన్నాళ్లూ కనపడనందుకు తన్ను తానే తిట్టుకుంటూ, పడుతూ లేస్తూ బస్సెక్కాడు.

డిసెంబరులో చేతులకు పరీక్ష పెట్టారు. వృత్తలేఖిని లేకుండా వృత్తం గీశాయి. కుట్టాయి, అల్లాయి, త్రాసు లేకుండా తూచాయి. ఎదురుగా ఏం పెడితే అది ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాయి. రాసిందేమిటో కళ్లకు తెలియదు గానీ, కళ్ల పరీక్ష వేరు. చేతులకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. బసవరాజు దయ చూపి వేసిన మార్కు ఒక్కటి కూడా లేదు. విద్యాధికారి స్వయంగా వచ్చి చేతులకు శాలువా కప్పింది. మిగతా ఉరుకుందమ్మ ఇంకా తరగతుల్లోనే ఉండటం వల్ల, చేతులే తమకు తాము చప్పట్లు కొట్టుకున్నాయి.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మర్నాడే ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పది పాసైనవాళ్లను బడిలో ఉంచకూడదు. చేతులకు వెంటనే టీసీ ఇచ్చి పంపాలి. బసవరాజు పరుగెత్తాడు.

"మేడం, ఆ పిల్లకు పన్నెండేళ్లు!"

"పిల్లకు పన్నెండే. చేతులకు పదహారు. మీరే సంతకం పెట్టారు, చూడండి."

చూశాడు. పది పాసైనవాళ్ల టీసీలో వయసు పదహారని ముందే అచ్చయి ఉంటుంది. కింద సంతకం తనదే, శాలువా రోజున మార్కుల పట్టీలతో పాటు చూడకుండా పెట్టింది. బసవరాజుకు ఏడుపొచ్చింది. ఆఫీసులో ఏడిస్తే బాగుండదని నీళ్లు తాగొచ్చాడు.

జనవరిలో లారీ వచ్చింది. మేస్త్రీ రంగన్న టీసీని వెలుతురుకు పట్టి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పిల్లోల్లను తీస్కపోతే కేసు సారు. చేతులకేం కేసు? అన్నం ఖర్చు లేదు, ఏడ్సేది లేదు. లారీలో తావు గూడా మిగుల్తాది."

బసవరాజు హుసేనమ్మ వైపు తిరిగాడు. "నువ్వైనా వద్దను తల్లీ."

"పోయినేడు పాపనంతా ఎత్తుకపోయింటిమి సారూ. ఈయేడు చేతులొగటే గదా. మిగిలిన పాప మీ కాడనే ఉంటాది, సదువుకుంటాది. ఇంతకన్నా ఏం గావాల?" అంది హుసేనమ్మ. ఆమె నిజంగానే సంతోషంగా ఉంది. సారుకు దండం కూడా పెట్టింది.

లారీ కదిలింది. గేటు దగ్గర నిలబడ్డ ఉరుకుందమ్మ వైపు లారీలోంచి ఆమె చేతులే ఊగాయి.

చేతులు పోయాక మిగిలినవి మూడు, అయిదు, ఆరు. సగటు నాలుగు పైచిలుకు. పైచిలుకును వదిలేయవచ్చని ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది కాబట్టి ఉరుకుందమ్మ ఒకే విద్యార్థిగా నాలుగో తరగతిలో చేరింది. హాస్టల్లో మంచం కూడా వచ్చింది. ఆ ఏడు మండలం నుంచి వలస వెళ్లిన పిల్లల సంఖ్య సున్నా అని నివేదిక పోయింది. బసవరాజు ప్రణాళికను మిగతా మండలాలకూ పంపారు.

ఫిబ్రవరిలో నాలుగో తరగతికి బసవరాజు భిన్నాలు చెబుతున్నాడు. సగంలో సగం ఎంత అని అడిగి, తెలిసినవాళ్లు చేతులెత్తండన్నాడు. ముప్పై ఒక్క మందిలో ఆరు చేతులు లేచాయి. ఉరుకుందమ్మకు జవాబు తెలుసని ఆమె కళ్లలోనే కనపడుతోంది. చేతుల సంగతి మరిచిపోయిన ఆయనకు కోపం కూడా వచ్చింది.

"ఏమ్మా, తెలిసి కూడా చెయ్యెత్తవేం?"

"ఎత్తినా సార్."

"ఎక్కడ ఎత్తావ్?"

"ఆడ, సేన్లో. మేస్త్రీ దించమన్న్యాడు."

మూల్యాంకన పట్టీలో ఉరుకుందమ్మ పేరుకెదురుగా 'చెయ్యెత్తిందా' అన్న గడి ఖాళీగా ఉంది. బసవరాజు అందులో లేదు అని రాసి, ఆమెను కూర్చోమని చెప్పి, జవాబు పక్క పిల్లను అడిగాడు.