కూలర్ రిపేరుకు మా ఇంటి నంబరు

మే నెలలో రెంటచింతలలో కూలర్ ఆగిపోతే ఎట్టా ఉంటుందో మీకు చెప్పాలంటే, ఆ వారం మా ఇంట్లో బల్లులు కూడా గోడ దిగి గచ్చు మీద పడుకున్నాయి.

"పోయి ఏసుబాబును పిలుచుకు రాండి," అంది మా ఆవిడ సుశీల.

ఏసుబాబు మా ఊరి కూలర్ మెకానిక్కు. పోయినేడు టీకొట్టు దగ్గర పదిమందిలో, "స్క్రూడ్రైవర్ పట్టుకోవటం తప్ప మోటారు గురించి నీకేం తెలుసురా" అన్నా. అప్పట్నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు నేనే పోయి పిలిస్తే చెన్నకేశవులు అనే పేరుకు విలువేముంటుంది?

"ఏసుబాబెందుకే? గూగుల్లో కొడితే లక్షమంది వస్తారు."

"లక్షమందిని ఎక్కడ కూర్చోబెడతారు? కుర్చీలు మూడే ఉన్నాయి."

పట్టించుకోలా. 'రెంటచింతల కూలర్ రిపేరు నంబరు' అని కొట్టా. 'కూలర్ వర్క్స్' అని ఒక కొట్టు వచ్చింది. ఫోటోలో మూసిన నీలం షట్టరు. నంబరు లేదు. దాని బదులు 'ఫోన్ నంబరు చేర్చండి' అని ఉంది.

మర్యాదస్తులు, మన నంబరిస్తే వాళ్ళే చేస్తారన్నమాట, అనుకున్నా. నాదిస్తే మధ్యాహ్నం నిద్ర చెడుతుందని సుశీల నంబరిచ్చా. 'ధన్యవాదాలు' అని వచ్చింది.

"అయిపోయిందే. ఇక వాళ్ళే ఫోన్ చేస్తారు."

చేశారు. మర్నాడు ఇడ్లీ పళ్ళెంలో ఉండగానే గురజాల నుంచి మొదటి ఫోను.

"మోటారు తిరగట్లేదమ్మా," అన్నాడాయన.

"మాదీ తిరగట్లేదండీ," అంది సుశీల.

"మరెట్టా?"

"మేమూ అదే అనుకుంటున్నాం."

ఇద్దరూ కాసేపు ఎండల గురించి బాధపడి పెట్టేశారు.

తర్వాత మాచర్ల. ఆ తర్వాత సీతమ్మ అనే పెద్దావిడ. కూలర్లోంచి గాలి రాలేదట, కప్ప వచ్చిందట.

"కప్ప బాగానే ఉందా?" అంది సుశీల.

పదో ఫోను అయ్యాక నా వైపు చూసింది.

"ఏమండీ, నా నంబరు ఎవరికన్నా ఇచ్చారా?"

"ఇవ్వలా. చేర్చా."

నా ఫోను లాక్కుని చూసింది. కొట్టు ఫోటో కింద తన నంబరే ఉంది. "ఇది చర్చి ఎదురు ఏసుబాబు కొట్టు! ఊరందరికీ తెలుసు."

"మూసుంది కదే. గుర్తుపట్టలా."

ఆ నంబరు తీసెయ్యమంటుందనుకున్నా. గొడుగు తీసుకుని తిన్నగా ఏసుబాబు దగ్గరకు పోయింది. నిచ్చెన మీద ఉన్నప్పుడు ఫోన్ ఎత్తలేకే అతను నంబరు ఎక్కడా పెట్టుకోలేదంట. "వచ్చే ఫోన్లన్నీ నువ్వు రాసిపెట్టక్కా, పుణ్యముంటది. నువ్వు ఏ ఇంటికి పొమ్మంటే ఆ ఇంటికి పోతా," అన్నాడంట.

మూడు రోజుల్లో మా ఆవిడ సగం పల్నాడుకు పెద్దదిక్కయింది. "కారంపూడి వాళ్ళు రేపు. దాచేపల్లి వాళ్ళు ఎల్లుండి. ఇంట్లో పసిబిడ్డ ఉందా? అయితే ముందు రాస్తా." నాకు మజ్జిగ కావాలన్నా రెండు ఫోన్ల మధ్య సందు చూసుకుని అడగాల్సొచ్చింది.

నాలుగో రోజు ఇక ఆగలేకపోయా.

"మన కూలర్ సంగతేంది?"

"అందరూ ఏం చేస్తున్నారో మీరూ అదే చెయ్యండి."

"ఏం చేస్తున్నారు?"

"ఫోను."

నవ్వుతుందేమోనని చూశా. నవ్వలా, వంటింట్లోకి పోయింది. నేను హాల్లో కూర్చుని చేశా. వంటింట్లో మోగింది.

"హలో, కూలర్ వర్క్స్. చెప్పండి."

"నేనే."

"ఊళ్ళో చానామంది 'నేనే'లున్నారు. పేరు?"

"చెన్నకేశవులు."

"టీకొట్టు దగ్గర మెకానిక్కును మాటన్న చెన్నకేశవులు గారేనా?"

"ఆ."

"ముందు ఆయనతో మాట్లాడి రాండి. అప్పుడు రాసుకుంటా."

పెట్టేసింది. తాలింపు చిటపటలు మాత్రం ఫోను లేకుండానే వినపడుతున్నాయి.

నెత్తిన తువ్వాలేసుకుని ఎండలో బయల్దేరా. రెండు వీధుల అవతల ఎవరింటి కిటికీ దగ్గరో ఏసుబాబు నిచ్చెన మీదున్నాడు.

"ఏసుబాబూ," అన్నా నిచ్చెన పట్టుకుని. "ఆ రోజు నేనన్న మాట తప్పయ్యా. పనోడివి, నీ పని నీకు తెలుసు."

అతను దిగొచ్చి చెయ్యి తుడుచుకుని నా భుజం మీదేశాడు. "ఎప్పటి మాట బావా! వదిలెయ్."

కళ్ళు చెమర్చాయి. చెమటేననుకోండి.

"అయితే ఒక్క పది నిమిషాలు మా ఇంటికి..."

ఏసుబాబు గబగబా మళ్ళీ నిచ్చెనెక్కాడు.

"అక్కకు ఫోన్ చెయ్యి బావా. నా చేతిలో ఏం లేదు."