బొట్టు పెట్టిన డిజిటల్ కీ

మన ప్రభుత్వ ఆఫీసుల్లో లంచం ముట్టని ఉద్యోగి ఒక్కరే ఉన్నారు. బొటనవేలంత ఉంటారు. కంప్యూటర్‌లో దూర్చితేనే డ్యూటీ ఎక్కుతారు. పేరు డిజిటల్ కీ!

నవ్వకండి. అధికారి సంతకం ఈ బుల్లి పరికరం లోపలే ఉంటుంది. బయటకు రాదు, కాపీ కాదు. పిన్ పదేపదే తప్పు కొడితే తనకు తానే తాళం వేసుకుంటుంది. ఏ దేశపు హ్యాకర్ తలకిందులుగా తపస్సు చేసినా మన ఆదాయ పత్రం మీద సంతకం పెట్టలేడు. ఇంతకన్నా ఏం కావాలి మనకు?

ధర్మవరంలో పట్టుచీరలు నేసే జయచంద్రకు మాత్రం ఆ సంతకమే కావాల్సి వచ్చింది. కూతురు అమృతకు నర్సింగ్ సీటు వచ్చింది. దసరా సెలవులు ముగిసిన రోజే సాయంత్రం ఐదులోగా ఆదాయ పత్రం కాలేజీలో ఇవ్వాలి. ఆ ఉదయం తలుపులు తీయగానే తండ్రీకూతుళ్లు ఆఫీసులో ఉన్నారు. ఏ ఆఫీసో చెప్పను. భద్రత!

అధికారి వీరభద్రయ్య కీ దూర్చారు. కంప్యూటర్ పలకలేదు. తీసి, ఊది, మళ్లీ దూర్చారు. ఊహూ.

"యాడ పలుకుతాది సార్?" అంది అటెండర్ అంకమ్మ. "ఆయుధపూజ నాడు పసుపునీళ్లతో కడిగి, కుంకుమ అద్దింది మీరే కదా! మూతి నిండా బొట్టే ఉండాది."

"జీపుకూ పెట్టినా కదమ్మా, అది నడుస్తాండాదే!"

చూశారా, ఎంత గౌరవం! మన అర్జీలకు ఎవరైనా ఎప్పుడైనా బొట్టు పెట్టారా?

"పెన్నుతో ఒక గీత గీకండి సార్. పాప సీటు పోతాది," జయచంద్ర చేతులు జోడించాడు.

"పెన్ను సంతకం చెల్లదప్పా. కొత్త కీ హిందూపురం నుంచి రావల్ల."

"తెప్పియ్యండి సార్!"

"దానికి అర్జీ పెట్టల్ల. అర్జీ మీద డిజిటల్ సంతకం ఉండల్ల."

"పెట్టండి సార్!"

వీరభద్రయ్య కుంకుమ కీ వైపు దీనంగా చూశారు.

ఎంత పకడ్బందీ ఏర్పాటు! దొంగ ఎలాగూ రాలేడు, ఇంటాయన కూడా లోపలికి పోలేడు!

పెనుకొండలో పెళ్లికి వెళ్లిన పై అధికారి తిరిగొచ్చి, తన కీతో ఆ అర్జీని గట్టెక్కించారు. పదకొండో రోజున అమృత పత్రం తయారైంది. సంతకం పక్కన ఆకుపచ్చ టిక్కు, సెకన్లతో సహా తేదీ!

"తేదీ ఒక్కటి వెనక్కి జరపండి సార్," అన్నాడు జయచంద్ర.

"బ్రహ్మదేవుని చేత కూడా కాదప్పా!" గర్వంగా చెప్పారు వీరభద్రయ్య.

నిజమే. ఎక్కడా ఫోర్జరీ లేదు. పత్రం అసలుది, సంతకం అసలుది, అధికారీ అసలువారే. సీటు మాత్రం వేరేవాళ్లది.

జయచంద్ర పత్రాన్ని లామినేషన్ చేయించి ఇంటికి తెచ్చాడు. అమృత మగ్గం మీది నుంచి లేవలేదు.

"బీరువాలో పెట్టి తాళమెయ్యి నాయనా," అంది. "ఎవురన్నా ఎత్తుకపోతారు."